పిల్లల కోసమే అయితే మాలూరు ఇల్లు అమ్మకండి

పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెద్దనాయన ఒక మెసేజీ పెట్టాడు. మాలూరు ఇంటికి ఇప్పుడు మంచి ధర పలుకుతోంది, అమ్మి పంచుకుంటే ఒక్కొక్కరికీ బెంగళూరులో ఫ్లాటుకు ముందు కట్టాల్సిన డబ్బు వచ్చేస్తుంది, అందరూ చిన్నపిల్లలు ఉన్నవాళ్లు, పిల్లల కోసమైనా మంచి ఇండ్లకు మారండి అని. గంటలో పదకొండు బొటనవేళ్లు పడ్డాయి. నేను ఏమీ పెట్టలేదు. రాత్రికి అక్క ఫోన్ చేసింది. "నువ్వు ఆ ఇంట్లోనే కాపురం ఉండావు కదా, నీకు ఇష్టం ఉండదులే" అనింది.

ఆ మాట నిజమే. రెండేళ్లు దాటింది నేను, నా భార్య, పాప, అమ్మ ఆ ఇంట్లో ఉండబట్టి. కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకునేవాళ్లు అనుకోవచ్చు. కానీ గ్రూపులో వాదించకుండా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. ఇది చదివేవాళ్లలో హోసూరు వాళ్లున్నారు, బళ్లారి వాళ్లున్నారు, బరంపురం, షోలాపూరు, యానాం వాళ్లున్నారు. మీలో చాలామందికి ఎక్కడో ఒక పాత ఇల్లు బీగం వేసి ఉంటుంది. మీ గ్రూపుల్లో కూడా ఇదే లెక్క నడుస్తూ ఉంటుంది.

ముందే ఒక మాట. నేను ఎస్సెస్సెల్సీ దాకా కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ అక్షరాలు దిద్దింది ఉద్యోగంలో చేరిన తర్వాతే. కన్నడం వచ్చినవాడికి తెలుగు అక్షరాలు నెల రోజుల పని. తలకట్టు దగ్గరే చేయి తడబడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇల్లు అమ్మడమే తప్పని నేను అనడం లేదు. అప్పులున్నాయి అనండి, ఒప్పుకుంటాను. గోడలు నెమ్ము ఎక్కుతున్నాయి, రిపేరుకు ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు అనండి, అదీ ఒప్పుకుంటాను. "పిల్లల కోసం" అని మాత్రం అనకండి. ఆ మాట నమ్మి నేను నాలుగున్నరేళ్లు ఫ్లాటులో ఉండి చూశాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పదమూడేళ్లుగా నా పని ఒకటే. బాగా పని చేస్తుంది అని ఎవరైనా చెబితే నమ్మకుండా నొక్కి చూడటం. చెప్పేవాళ్లు అబద్ధాలకోర్లు కాదు, వాళ్ల కంప్యూటర్‌లో అది నిజంగానే పని చేస్తుంది. వాడే మనిషి చేతికి వచ్చేసరికి చెడుతుంది. ఇండ్ల సంగతీ అంతే. బ్రోచరులో పని చేసే ఇల్లు నాలుగేళ్ల పిల్లకు, డెబ్బై ఏళ్ల అవ్వకు పని చేస్తుందా అని కొనేముందు ఎవరూ నొక్కి చూడరు.

ఫ్లాటులో జరిగింది

2018 చివర్లో, పాప కడుపులో ఉండగా, సర్జాపుర రోడ్డు వైపు ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలో పదకొండో అంతస్తులో అద్దెకు దిగాం. బెంగళూరు ఆచారం ప్రకారం పది నెలల అడ్వాన్సు. ఈతకొలను, జిమ్ము, క్లబ్ హౌసు, పిల్లల పార్కు, గేటుకు ముగ్గురు సెక్యూరిటీ, ఎటు చూసినా కెమెరాలు. పెండ్లి కానివాళ్లకు అద్దెకు ఇవ్వరు, "ఫ్యామిలీలకు మాత్రమే" అని ముందే చెప్పారు. మాకు అదే నచ్చింది. పిల్లలు పెరగడానికి సరైన చోటు అనుకున్నాం.

పాప నడక నేర్చుకున్నాక అసలు సంగతి తెలిసింది. వాళ్లకు ఫ్యామిలీ కావాలి, పిల్లలు అక్కర్లేదు. పాప ప్లాస్టిక్ కుర్చీ లాగితే కింది ఇంటి నుంచి ఇంటర్‌కమ్ మోగేది. పార్కులో బంతి ఆడకూడదని బోర్డు. గడ్డి మీద నడవకూడదని ఇంకో బోర్డు. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకే, పక్కన పెద్దవాళ్లు ఉంటేనే ఆట. ఆ నియమాలు పెట్టినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను, వాళ్లకూ పిల్లలున్నారు. కానీ లెక్క చూడండి. పాప ఇంటి గడప దాటాలంటే ఒక పెద్దమనిషి ఖాళీగా ఉండాలి, చెప్పులు వేసుకోవాలి, బీగం వేయాలి, లిఫ్టు కోసం నిలబడాలి, కిందికి పోయి గంటసేపు ఫోన్ చూస్తూ బెంచీ మీద కూచోవాలి. ఆ పెద్దమనిషి ఆఫీసు కాల్‌లో ఉంటే ఆ రోజుకు గడప దాటడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల గురించి ఒక మార్గదర్శకం ఇచ్చింది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి, కూచుని తెర చూడటం గంటకు మించకూడదు అని. మా ఇంట్లో ఆ రెండు అంకెలూ తలకిందులయ్యాయి. పాపకు మూడేళ్లు వచ్చేసరికి మూడు గంటలు ఫోన్, ఒక గంట ఆట. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నా భార్యది హోసూరు. చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేది. 2017లో చట్టం మార్చి కాన్పు సెలవు 26 వారాలు చేశారు, 50 మంది గానీ అంతకు మించి గానీ పని చేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలన్నారు. ఆమె కంపెనీలో ముప్పై మంది కూడా లేరు. ఇరవై ఆరు వారాలూ అయిపోయాయి, ఉద్యోగం మానేసింది. నా సంగతి ఇంకా సులభం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. మా ఆఫీసు వాళ్లు వాళ్ల దయ కొద్దీ ఐదు రోజులిచ్చారు.

కాన్పుకు అమ్మ వచ్చింది. ఆ తర్వాత కూడా నాలుగైదు సార్లు వచ్చింది. ఎప్పుడూ మూడు నెలలకు మించి ఉండలేదు. లిఫ్టు ఒంటరిగా ఎక్కడానికి భయం. గేటు దగ్గర ఇంగ్లీషో హిందీయో మాట్లాడితే జవాబు చెప్పలేదు. ఒకరోజు "ఈడ పొద్దు యట్ల పొడిచిందో తెలీదు, యట్ల గూకిందో తెలీదు నాయనా, నన్ను మాలూరు బస్సు ఎక్కించు" అనింది. ఆమె పోయే ముందు రోజు పాప దాహమై నీళ్లు అడిగింది, ఫోన్‌లో బొమ్మలు మాట్లాడే ఇంగ్లీషులో. అమ్మ నా వైపు తిరిగి "అది నన్ను ఏమడిగిందిరా?" అనింది. సొంత మనవరాలు నీళ్లు అడిగితే అర్థం చెప్పడానికి మధ్యలో నేను కావాల్సి వచ్చింది.

ఇంకొకటి ఉంది, ఇది అక్కకు కూడా తెలీదు. ఆ రోజుల్లో నేను ఆఫీసు నుంచి వచ్చి, కింద పార్కింగులో కారు ఆపి, పదిహేను ఇరవై నిమిషాలు అందులోనే కూచునేవాణ్ణి. పైకి పోతే అలిసిపోయిన భార్య, పొద్దున్నించీ గడప దాటని పాప, ఇద్దరూ నా కోసమే చూస్తుంటారని తెలుసు. తెలిసే కూచునేవాణ్ణి. పాప మీద ప్రేమ లేక కాదు. నాకు తండ్రిగా ఉండటం సంతోషంగా లేదు, అంతే. ఆ మాట ఎవరితోనూ అనలేం. పిల్లలంటే దేవుడిచ్చిన వరం అనేవాళ్ల మధ్య ఆ మాట అంటే మనిషి కిందే లెక్కపెట్టరు. లోపం నాలోనే ఉందనుకుని నాలుగేళ్లు మోశాను.

మాలూరులో జరిగింది

2023 జూన్‌లో ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నాయన పోయాక అమ్మ మాలూరులో ఒక్కతే ఉంది, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. కొత్త ఇల్లు దొరికేదాకా రెండు నెలలు అనుకుని సామాన్లు మాలూరులో దించాం.

ఆ ఇల్లు మీ అందరికీ తెలుసు. ఊళ్లో కాల్చిన పెంకులే కప్పు. స్నానాలగది బయట. మునిసిపాలిటీ నీళ్లు వారానికి రెండుసార్లు. మొదటి వారం పాప "లిఫ్టు యాడ?" అని ఏడ్చింది. దోమలు. కరెంటు పోతే ఆఫీసు కాల్ మధ్యలో తెగేది. నా భార్య మూడో రోజే "రెండు నెలలే కదా" అని గుర్తు చేసింది. కాబట్టి ఆ ఇల్లు స్వర్గమని నేను చెప్పడం లేదు.

కానీ ఆ ఇంటికి ముందర తిన్నె ఉంది. కోస్తా వాళ్లు అరుగు అంటారు, కన్నడంలో జగలి అంటారు. నాలుగు అడుగుల వెడల్పు, ఇంటి పొడవునా. 2016లో వచ్చిన రెరా చట్టం ఫ్లాటు కొలతను కార్పెట్ ఏరియా ప్రకారం చెప్పమంటుంది. ఆ లెక్కలోకి వరండా రాదు, బాల్కనీ రాదు, గోడల లోపలి చోటే వస్తుంది. కొనేవాణ్ణి మోసం చేయకుండా పెట్టిన మంచి నియమమే అది. కానీ మా పాప పెరిగింది ఆ లెక్కకు రాని చోట. తిన్నె ఇంట్లోదీ కాదు, వీధిలోదీ కాదు. అక్కడ కూచున్న పిల్లను ఐదిండ్ల వాళ్లు చూస్తారు. ఎవరూ ప్రత్యేకంగా కాపలా కాయక్కర్లేదు.

ఆగస్టులో ఒకరోజు అమ్మ పాప చేతిలో పది రూపాయలు పెట్టి కొత్తిమీర తెమ్మంది. అంగడి నాలుగిండ్ల అవతల. నేను తిన్నె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాల్‌లో ఉన్నాను. మ్యూట్ నొక్కి చూస్తూ కూచున్నాను. ఎదురింటి ఉర్దూ మాట్లాడే నానీ పాపను ఆపి ఏదో అడిగింది. పక్కింటి టైలరు, ఆయనది తమిళం, స్కూటర్ వస్తోందని చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు నిమిషాల దారికి పదకొండు నిమిషాలు పట్టింది. పాప కొత్తిమీర, ఒక చాక్లెట్టు, రెండు రూపాయల చిల్లర తెచ్చింది. నాలుగేళ్లలో మొదటిసారి తను ఒక్కతే పోయి ఒక్కతే వచ్చింది. ఆ ముఖం మీరు చూసి ఉండాల్సింది. నా ముఖం కూడా అట్లే ఉండి ఉంటుంది.

ఫ్లాటులో ఉండగా 2022లో మా ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. రెండు రోజులు ఫోన్‌లో తిండి తెప్పించుకున్నాం, పాపకు ఫోన్ ఇచ్చి పడుకున్నాం. అదే అంతస్తులో ఇంకా ఐదు ఇండ్లున్నాయి. వాళ్లకు తెలీదు, మేమూ చెప్పలేదు. మాలూరులో పోయినేడు మళ్లీ ఇద్దరికీ జ్వరం. పొద్దున తలుపు ఆలస్యంగా తీసినందుకే టైలరు భార్య వచ్చి అడిగింది. పాప పగలంతా వాళ్లింట్లో, నానీ ఇంట్లో తిరిగింది. సాయంత్రం నానీ గంజి పంపించింది. ఇందులో ఎవరి గొప్పతనమూ లేదు. తలుపు ఆలస్యంగా తెరిస్తే కనిపించే చోట ఇల్లు ఉంది, అంతే.

ఆ రెండు నెలలు రెండేళ్లయ్యాయి. నా భార్య ఊళ్లోనే ఒక ఆడిటరు దగ్గర పనికి చేరింది. నేను వారానికి మూడు రోజులు రైల్లో వైట్‌ఫీల్డ్ దాకా పోయి అక్కడ మెట్రో ఎక్కుతాను. మెట్రో 2023 మార్చిలో వచ్చింది కాబట్టి సరిపోయింది. ఒక మాట లెక్కపెట్టి చెబుతున్నాను. సర్జాపుర రోడ్డు నుంచి కారులో ఎంతసేపు పట్టేదో మాలూరు నుంచి కూడా అంతే పడుతోంది.

మీరు అడిగేవి

అక్క అడిగింది, "అమ్మను ఆయాను చేసినావు కదరా?" అని. ఇది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. మొదటి ఆరు నెలలు నిజంగానే అట్లే జరిగింది. ఒక మధ్యాహ్నం అమ్మ కూచున్న చోటే నిద్రపోతే పాప వీధి చివరిదాకా పోయింది. ఆ రోజు నుంచి నియమం పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పాప అమ్మ బాధ్యత కాదు. బడి నుంచి తెచ్చి చూసుకోవడానికి ఒకామెకు జీతమిస్తున్నాం. అవ్వ దగ్గర పిల్లలు పెరగాలి అనేవాళ్లు ముందు అవ్వకు విశ్రాంతి ఎప్పుడో చెప్పాలి. లేకపోతే పాత ఇల్లు పేరు చెప్పి ముసలమ్మ చేత వెట్టి చేయించుకోవడమే అవుతుంది.

చిన్నాయన కొడుకు అడిగాడు, "బడి, ఆస్పత్రి?" అని. బెంగళూరులో ఉన్నంత పెద్దవి ఇక్కడ లేవు. పాపకు ఒకసారి రాత్రి ఊపిరి ఆడకపోతే కోలారుకు తీసుకుపోయాం, ఆ దారంతా నేను ఫ్లాటే మేలనుకున్నాను. అది దాచను. కానీ ఒక రాత్రి కోసం నాలుగు వేల సాయంత్రాలు ఎట్లా ఉండాలో తేల్చకూడదు. బడి విషయం పాపకు పన్నెండేళ్లు వచ్చినప్పుడు మళ్లీ చూస్తాం. ఇల్లు మారడం చేతకాని పని కాదు.

మూడో ప్రశ్న నా భార్యది. "ఇప్పుడు నీ బిడ్డను కాపాడతా ఉండే కండ్లే అది పెద్దమనిషి అయినాక యాడికి పోతా ఉంది, ఎవరితో మాట్లాడతా ఉంది అని కాపలా కాస్తాయి. అప్పుడేం చేస్తావు?" అని. హోసూరులో ఆమె అట్లాంటి వీధిలోనే పెరిగింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. పాప మీద వీధి ఒక మాట అంటే తిన్నె మీద కూచుని వీధి మొత్తానికి వినపడేట్టు జవాబు చెప్పాల్సింది మేమే.

తిన్నె గురించి ఇంకో నిజం కూడా రాయాలి, లేకపోతే ఇది తాతల గొప్పలు చెప్పుకునే వ్యాసం అయిపోతుంది. మా తాత కాలంలో ఆ తిన్నె మీద అందరూ కూచోలేదు. పొలం పనికి వచ్చినవాళ్లు కింద నిలబడి మాట్లాడి పోయేవాళ్లు. అమ్మ చెప్పింది, వాళ్లకు నీళ్ల చెంబు వేరేగా ఉండేది. ఆ చెంబు అటక మీద ఇప్పటికీ ఉంది. ఆ ఇంటిని ఆ పాత పద్ధతితో సహా నిలబెట్టమంటే నేనే ముందు అమ్మేయమంటాను. ఈ రోజు తిన్నె మీద నానీ కూచుంటుంది, పాపను చూసుకునే ఆమె కూచుంటుంది, బడి పిల్లలు కులం అడక్కుండా కూచుంటారు. అట్లా ఉన్నప్పుడే అది పిల్లలు పెరగదగిన ఇల్లు.

సంతోషం గురించి

మొన్న డిసెంబరులో అనపకాయలు వచ్చాయి. మన వైపు వాటి రుచి తెలియనివాళ్లు ఉండరు. ఆ వాసనను కన్నడంలో సొగడు అంటారు, ఇక్కడి మంచుకే ఆ సొగడు ఎక్కుతుందంటారు. అమ్మ గింజలు వొలిచి రాత్రి నానబెట్టింది. ఆదివారం పొద్దున అందరం తిన్నె మీద కూచుని పితికాం. వేళ్ల మధ్య నొక్కితే పొట్టు చేతిలో ఉంటుంది, పప్పు ఎగురుతుంది. పాప నొక్కిన గింజ ఎగిరి నా కళ్లద్దాలకు తగిలింది. ఇంక అదే ఆట. వంద దాకా తెలుగులో లెక్కపెట్టింది, ఆ తర్వాత వంద కన్నడంలో. నానీ మనవడు వచ్చి చేరాడు. పదకొండు గంటలకు గిన్నె నిండింది. మధ్యాహ్నం సంగటి, పితికిపప్పు కూర.

ఆ రెండు మూడు గంటలు నేను పాపను ఆడించలేదు, దానితో కలిసి పని చేశాను. ఫ్లాటులో నేనెప్పుడూ పాపను "ఆడించేవాణ్ణి". వారాంతంలో మాల్‌కు, బొమ్మల రైలుకు తీసుకుపోయేవాణ్ణి, డబ్బు కట్టి, వాచీ చూసుకుంటూ. ఆ ఆదివారం తిన్నె మీద నుంచి లేవాలనిపించలేదు. పార్కింగులో కారులో కూచున్న మనిషీ నేనే, ఈ మనిషీ నేనే. మధ్యలో నా గుణమేమీ మారలేదు. అప్పుడు ఒక పాపకు ఇద్దరమే పెద్దవాళ్లం, అందులో ఒకరు ఎప్పుడూ ఆఫీసులో. ఇప్పుడు ఒక పాపకు అరడజను మంది పెద్దవాళ్లు. బరువు పంచుకుంటే మిగిలింది సంతోషం. లోపం నాలోనే ఉందనుకున్న నాలుగేళ్లూ నాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. మీలో ఎవరైనా ఇప్పుడు ఏదో పార్కింగులో కారులో కూచుని ఉంటే, మీ కోసమే ఈ పేరా.

పిల్లల్ని ఎక్కువ కనమని ఈ మధ్య ఆంధ్రలో పెద్దలు చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదనే నియమాన్ని 2024లో ఎత్తేశారు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ కర్ణాటకలోనూ ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఎంతమందిని కనాలో చెప్పడం నా పని కాదు, వాళ్ల పని కూడా కాదు. కానీ కన్నవాళ్లు కారులో ఎందుకు కూచుంటున్నారో అడగకుండా ఇంకొకర్ని కనమనడం, ఉన్న బగ్గు దిద్దకుండా కొత్త వెర్షన్ విడుదల చేయమన్నట్టుంది.

భాష సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2001 జనగణనలో తెలుగు దేశంలో మూడో స్థానంలో ఉండేది, 2011లో మరాఠీ దాటిపోయి నాలుగోది అయింది. కర్ణాటకలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 2011లో 35 లక్షల పైన. ఆ లెక్కలో మా ఇల్లూ ఉంది. కానీ ఫ్లాటులో ఉన్నప్పుడు పాపకు తెలుగు నేర్పడానికి నేను చేయని పని లేదు. అక్షరాల చార్టు కొన్నాను, ఆదివారం ఆన్‌లైన్ క్లాసు కట్టాను. రాలేదు. మాలూరులో ఏమీ చేయలేదు. అంగడికి పోయి "కొత్తిమీర ఈరా" అని అడగాల్సి వచ్చింది, వచ్చేసింది. ఉర్దూలో తిట్లు కూడా వచ్చాయి. అమ్మకు పాప మాటకు అర్థం చెప్పడానికి ఇప్పుడు నేను అక్కర్లేదు. వాళ్లిద్దరూ గుసగుసలాడుకునేది ఒక్కోసారి నాకే అర్థం కాదు.

కాబట్టి

పెద్దనాయనా, నీ మెసేజీకి నా జవాబు ఇది. డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఎవరో, ఎంతో చెప్పండి. వాళ్ల భాగానికి ఊళ్లో నలుగురు పెద్దమనుషులు కట్టే ధర ప్రకారం నేను నెలనెలా కడతాను, ఆ కాగితం రిజిస్టర్ చేయిద్దాం. ఇప్పటిదాకా ఊరికే ఉన్నాను, వచ్చే నెల నుంచి అందరి భాగాలకూ అద్దె లెక్కగడదాం. మూడేళ్లు గడువు ఇవ్వండి. ఆ తర్వాత కూడా అమ్మాలనే అంటే సంతకం పెడతాను. అమ్మ సంగతి ఏమంటే, "ఎవరో ఒకరి దగ్గర ఉంటుందిలే" అని గ్రూపులో రాశారు. ఎవరి దగ్గర, ఎన్నో అంతస్తులో, అని ఎవరూ రాయలేదు.

మిగతా కుటుంబాల వాళ్లకు. అందరికీ పాత ఇల్లు ఉండదు, ఉన్నా ఉద్యోగానికి అందుబాటులో ఉండదు. మీరు ఫ్లాటే కొనండి, తప్పు లేదు. కొనేముందు మాత్రం మీ అమ్మను, మీ పిల్లను వెంట తీసుకుపోండి. సేల్స్ అబ్బాయి నమూనా ఇల్లు చూపిస్తానంటే తర్వాత చూద్దామనండి. సాయంత్రం ఐదున్నరకు గేటు లోపల ఒక గంట ఊరికే కూచోండి. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఆడుకుంటున్న పిల్లలు ఎంతమందో లెక్కపెట్టండి. మీ అమ్మతో ఎవరైనా మాట కలిపారా చూడండి. రెండూ సున్నా అయితే ఈతకొలను ఎంత నీలంగా ఉన్నా లేచి వచ్చేయండి. తక్కువ అంతస్తు, వీధి కనిపించే వాకిలి, నడిచిపోయేంత దూరంలో అంగడి, ఈ మూడూ ఉన్న చిన్న ఇల్లు దొరికితే అది ఊరి నడిమధ్య పాత వఠారమైనా సరే పట్టుకోండి.

పదకొండు బొటనవేళ్లు పెట్టినవాళ్లకు చివరి మాట. మీ పిల్లల్లో ఆరుగురు మాలూరు ఇంటిని ఇంతవరకూ చూడలేదు. సంక్రాంతికి తీసుకుని రండి. అనపకాయలు అప్పటికి ఇంకా ఉంటాయి. నాలుగు రోజులు తిన్నె మీద వదిలేసి, ఐదో రోజు ఓటు పెట్టండి. ఆ ఓటు పిల్లలు కూడా వేయాలి, వాళ్ల కోసమే అంటున్నారు కదా.